పన్నులో తడి, సీసాలో ఎసిటోన్: పంటి రంగు ఫిల్లింగ్ ఎక్కడ పట్టు తప్పుతుంది?

మొన్న వేసవిలో తిరుపతిలోని మా దంత క్లినిక్‌కు కొర్లగుంట నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. చేతిలో టిష్యూ కాగితం, అందులో గోరుముక్కంత ఫిల్లింగ్. "ఏం మేడం, రెండూ మీరే పెట్టినారు కదా. వెనక దవడ పంటిది నాలుగేళ్ళుగా కదల్లేదు. ముందు పంటి మొదట్లో, చిగురు పక్కన పెట్టింది ఎనిమిది నెలలకే ఊడొచ్చేసింది. దీనికి వేరే సిమెంటు వేసినారా?" అని అడిగారు.

సిమెంటు అదే. సీసా అదే, పెట్టిన చెయ్యీ అదే. ఆమె అడిగింది చాలామంది అడిగే ప్రశ్నే. జవాబు రెండు ముక్కల్లో తేలదు. ఆ జవాబు ఎక్కువ భాగం ఫిల్లింగ్ మెటీరియల్‌లో లేదు. దానికంటే ముందు పంటికి పూసే ఒకటి రెండు చుక్కల నీళ్ళలాంటి మందులో ఉంది. దాన్ని ప్రైమర్ అంటారు. అందులో సగానికి సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఆవిరైపోవడానికే ఉంటుంది. ఆ ఆవిరయ్యే భాగమే సాల్వెంట్. బడిలో ద్రావణి అని చదువుకున్నాం కదా, అదే.

వెండి సిమెంటుకు ఈ బాధ లేదు

పెద్దవాళ్ళు "వెండి సిమెంటు" అనే అమాల్గం పంటికి అతుక్కోదు. దానికి ఆ అవసరమే లేదు. డాక్టరు గుంతను పైన ఇరుకుగా, లోపల వెడల్పుగా చెక్కుతారు. మెత్తగా ఉన్నప్పుడు కూరిన అమాల్గం గట్టిపడ్డాక ఆ ఇరుకు మూతిలోంచి బయటికి రాలేదు. మూతి ఇరుకైన కుండలో గట్టిపడిన బెల్లంలా అక్కడే ఉండిపోతుంది.

అమాల్గంలో పాదరసం ఉంది. పర్యావరణ కారణాలతో చాలా దేశాలు దాన్ని తగ్గిస్తూ వస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య అవసరాలు మినహా, దాని వాడకాన్ని ఆపేసింది. ఇక్కడ తిరుపతిలో నిషేధం మాట వినకముందే జనం "పంటి రంగుది పెట్టండి" అని అడగడం మొదలుపెట్టారు. పంటి రంగు ఫిల్లింగ్ అంటే కాంపోజిట్ రెసిన్. ఒక రకం ప్లాస్టిక్‌లో సన్నటి గాజు పొడి కలిపి, నీలిరంగు లైటుతో గట్టిపరిచేది. అది తనంతట తాను పంటికి అంటుకోదు. అంటించాలి. అక్కడి నుంచే చిక్కులన్నీ మొదలవుతాయి.

ఎనామెల్ రాయి, డెంటిన్ తడి కట్టె

పంటి పైపొర ఎనామెల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. 1955లో అమెరికా దంత వైద్యుడు మైఖేల్ బూనకోర్ ఎనామెల్‌కు ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి చూశాడు. నున్నటి ఉపరితలం గరుకుగా మారి, రెసిన్ ఆ గరుకులోకి దిగి పట్టుకుంది. దాన్ని బాగా ఆరబెట్టొచ్చు. ఎంత ఆరితే అంత మంచిది కూడా. ఆ పద్ధతి పెద్ద మార్పు లేకుండా ఈనాటికీ నడుస్తోంది.

ఎనామెల్ కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. ఘనపరిమాణంలో చూస్తే సుమారు సగం ఖనిజం, 30 శాతం కొలాజెన్ అనే పీచు పదార్థం, మిగిలిన 20 శాతం నీళ్ళు. పైగా డెంటిన్ నిండా సన్నటి గొట్టాలుంటాయి. అవి పంటి నరం ఉండే గది నుంచి బయటివైపు సాగుతాయి. నరానికి దగ్గరైతే ఒక చదరపు మిల్లీమీటరులోనే 45 వేలకు పైగా ఉంటాయి, ఎనామెల్ దగ్గర 20 వేల లోపు. బతికున్న పంటిలో ఈ గొట్టాల్లో ద్రవం లోపలి ఒత్తిడితో బయటికి ఊరుతూ ఉంటుంది. పైన ఎంత తుడిచినా కింది నుంచి చెమ్మ వస్తూనే ఉంటుంది. గుంత లోతైతే చెమ్మా ఎక్కువే.

ఇటు చూస్తే రెసిన్ నూనె జాతిది, నీళ్ళంటే పడదు. పంటికి అంటించడమంటే ఊరుతున్న తడి కట్టెకు ఆయిల్ పెయింటు పట్టించడమే.

యాసిడ్ తర్వాత మిగిలేది బీరపీచు

డ్రిల్లింగ్ చేయగానే డెంటిన్ మీద ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొడి మెత్తుకుపోయి ఉంటుంది. గొట్టాల మూతులన్నీ దానితో మూసుకుపోతాయి. ఒక పద్ధతిలో నీలం రంగు జెల్, అంటే 37 శాతం దరిదాపుల ఫాస్ఫారిక్ యాసిడ్, సుమారు 15 సెకన్లు ఉంచి కడిగేస్తారు. పొడి పోతుంది, దాని కింద ఐదారు మైక్రాన్ల లోతు దాకా ఖనిజమూ కరిగిపోతుంది. తల వెంట్రుక 70 మైక్రాన్ల మందం అనుకుంటే, అందులో పన్నెండో వంతు. ఫిల్లింగ్ పట్టు మొత్తం ఆ పన్నెండో వంతు లోతులోనే ఉంది.

ఆ పొరలో ఇప్పుడు ఏముందో లెక్క వేద్దాం. 100 భాగాల్లో 50 ఖనిజం, 30 కొలాజెన్, 20 నీళ్ళు అనుకున్నాం. 50 భాగాల ఖనిజం కరిగిపోయి, ఆ చోటులోకి కడిగిన నీళ్ళు చేరాయి. ఇప్పుడు కొలాజెన్ 30, నీళ్ళు 70. గట్టి గోడ ఉన్నచోట తడిసిన పీచు జల్లెడ మిగిలింది. మన పని ఆ 70 భాగాల నీళ్ళను బయటికి పంపి, అంత చోటులోకీ రెసిన్‌ను దించడం. పీచుల మధ్య సందులు సుమారు 20 నానోమీటర్లు, అంటే ఒక మైక్రాన్‌లో యాభయ్యో వంతు.

నీళ్ళే కదా, గాలి కొట్టి ఆరబెడితే పోదా అనిపిస్తుంది. మొదట్లో దంత వైద్యులూ అలాగే చేశారు. ఇంట్లో గిన్నెలు తోమే బీరపీచును గుర్తు తెచ్చుకోండి. తడిగా ఉన్నప్పుడు ఉబ్బి, వేలు పెడితే లోపలికి దిగేట్టు ఉంటుంది. ఏదైనా బరువు కింద ఎండిపోతే అట్టముక్కలా అణిగిపోతుంది. కొలాజెన్ వలను నిలబెట్టి ఉంచేది అందులోని నీళ్ళే. అవి ఒక్కసారిగా పోతే పీచులు ఒకదాని మీద ఒకటి పడి, హైడ్రోజన్ బంధాలతో, అంటే అణువుల మధ్య ఉండే ఒక రకం పట్టుతో, అతుక్కుపోతాయి. సందులు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన రెసిన్ పూసినా పైనే ఉండిపోతుంది.

1990ల మొదట్లో అమెరికాలో జాన్ కాంకా వంటివారు డెంటిన్‌ను తడిగానే ఉంచి అంటించాలని గట్టిగా చెప్పారు. దాన్ని వెట్ బాండింగ్ అంటారు. ఆరబెడితే పీచు కూలిపోతుంది, తడిగా ఉంచితే రెసిన్‌కు నీళ్ళు అడ్డం. ఈ ఇరకాటంలోంచి దారి చూపించే పనే సాల్వెంట్‌ది.

కలంకారీ బట్టకు కరక్కాయ

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ప్రైమర్ అంటే ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. వాళ్ళు నూలు బట్ట మీద నేరుగా బొమ్మ వేయరు. ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో బట్టను తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు పదార్థం బట్టను పట్టుకుంటుంది. తర్వాత ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీత గీస్తే ఆ వగరుతో కలిసి నల్లగా నిలుస్తుంది. కరక్కాయ ఒక చేత్తో బట్టను, ఇంకో చేత్తో రంగును పట్టుకునే మధ్యవర్తి.

ప్రైమర్‌లో ఆ మధ్యవర్తి చాలావరకు హెమా అనే చిన్న అణువు. దానికి ఒక కొస నీళ్ళతో స్నేహంగా ఉంటుంది, కాబట్టి తడి కొలాజెన్‌లోకి దిగగలదు. రెండో కొస లైటు పడ్డప్పుడు రెసిన్‌తో గొలుసు కడుతుంది. అలా పీచూ రెసిన్ ఒకదాన్నొకటి అల్లుకున్న పొరను 1982లో జపాన్ శాస్త్రవేత్త నకబయాషి వివరించాడు. దాన్నే హైబ్రిడ్ పొర అంటారు.

మధ్యవర్తిని ఆ 20 నానోమీటర్ల సందుల్లోకి మోసుకెళ్ళే వాహనం సాల్వెంట్. లోపలికి చేర్చాక తాను నీళ్ళను వెంటబెట్టుకుని బయటికి వెళ్ళిపోవాలి. ఆ రెండో పనే కష్టం.

మూడు చుక్కలు, ఒక స్టీలు పళ్ళెం

ఇంట్లో చేసి చూడొచ్చు. స్టీలు పళ్ళెం మీద మూడు చుక్కలు వేయండి: నీళ్ళు, సర్జికల్ స్పిరిట్, ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్. పొయ్యి దగ్గర వద్దు, చివరి రెండూ అంటుకుంటాయి. రిమూవర్ చుక్క మీరు చూస్తుండగానే అంచుల నుంచి కుంచించుకుపోయి మాయమవుతుంది. స్పిరిట్ కాస్త ఆగి పోతుంది. నీళ్ళ చుక్క మీరు వేరే పని చూసుకుని వచ్చినా అక్కడే ఉంటుంది.

ప్రైమర్లలో వాడేవి ముఖ్యంగా ఈ మూడే: నీళ్ళు, ఇథనాల్, ఎసిటోన్. ఎంత తొందరగా ఆవిరవుతాయో చెప్పే కొలత ఆవిరి పీడనం. 20 డిగ్రీల వద్ద నీళ్ళకు అది సుమారు 17.5 మిల్లీమీటర్ల పాదరసం, ఇథనాల్‌కు 44, ఎసిటోన్‌కు 185 దాకా. అంటే ఎసిటోన్‌ది నీళ్ళకు పదింతలు.

వేగం ఒక్కటే చూస్తే ఎసిటోనే గెలుస్తుంది. నీళ్ళలో ఏ పాళ్ళలోనైనా కలిసిపోతుంది, రెసిన్‌నూ బాగా కరిగిస్తుంది. తడి డెంటిన్ మీద పడగానే నీళ్ళలోకి చొరబడి, రెసిన్‌ను దించి, తాను ఎగిరిపోతుంది. కానీ దానికి పెద్ద లోపం ఒకటుంది. కూలిపోయిన పీచును లేపలేదు. అతుక్కున్న పీచుల మధ్య హైడ్రోజన్ బంధాలను విడదీయాలంటే తాను అంతకంటే బలమైన హైడ్రోజన్ బంధాలు కట్టగలగాలి. ఆ శక్తి నీళ్ళకు దండిగా ఉంది, ఇథనాల్‌కు కొంత ఉంది, ఎసిటోన్‌కు చాలా తక్కువ. అందుకే డెంటిన్ ముందే తడిగా, నిగనిగలాడుతూ ఉంటేనే ఎసిటోన్ ప్రైమర్ దాని సత్తా చూపిస్తుంది.

నీళ్ళ ప్రైమర్ దీనికి పూర్తిగా తలకిందులు. ఎండి అణిగిన పీచునూ లేపుతుంది. కానీ ఒకసారి లోపలికి వెళ్ళాక బయటికి రాదు. పైగా హెమాకు నీళ్ళంటే ఎంత ఇష్టమంటే, అది కలిసిన నీళ్ళ ఆవిరి పీడనం ఇంకా తగ్గిపోతుంది. మధ్యవర్తే అతిథిని వెళ్ళనివ్వడన్నమాట.

ఇథనాల్ నడిమి దారి. సాధారణంగా దాన్ని కొద్దిగా నీళ్ళతో కలిపి వాడతారు. నీళ్ళు పీచును లేపుతాయి, ఇథనాల్ రెసిన్‌ను కరిగించి, ఆవిరవడంలోనూ సాయం చేస్తుంది. ఈ కలయిక రోజువారీ ప్రాక్టీసులో చిన్న పొరపాట్లను ఎక్కువ ఓర్చుకుంటుందని నా అభిప్రాయం. టెర్షియరీ బ్యూటనాల్ వాడే ఉత్పత్తులూ ఉన్నాయి, తక్కువే.

ఒకే గుంత, నాలుగు సందర్భాలు

మొదటిది: యాసిడ్ కడిగాక డాక్టరు గాలి ఎక్కువసేపు కొట్టారు. డెంటిన్ సుద్దలా తెల్లబడింది. పైన ఎసిటోన్ ప్రైమర్ పూశారు. పీచు లేవలేదు, రెసిన్ పైపైనే గట్టిపడింది. యాసిడ్ తెరిచిన గొట్టాలు సరిగా మూసుకోలేదు. ఆ రాత్రి చల్లటి మజ్జిగ తాగితే గొట్టాల్లో ద్రవం కదిలి పన్ను జివ్వుమంటుంది.

రెండోది: అదే ఎండిన డెంటిన్ మీద నీళ్ళూ ఇథనాల్ ఉన్న ప్రైమర్‌ను చిన్న బ్రష్‌తో రుద్దుతూ పూశారు. అందులోని నీళ్ళు పీచును కొంతమేర లేపాయి. రుద్దడం వల్ల మందు లోపలికి దిగింది. మొదటిదానికంటే పట్టు మెరుగు.

మూడోది: గుంతలో నీళ్ళు నిలిచి ఉండగానే ఎసిటోన్ ప్రైమర్ పూశారు. మందులో ఉన్నట్టుండి నీళ్ళ వాటా పెరిగింది. అంతదాకా కరిగి ఉన్న రెసిన్, నిమ్మరసం పడ్డ పాలలా విరిగి బొట్లుబొట్లుగా విడిపోయింది. ఆ బొట్లు గొట్టాల మూతుల దగ్గర ఇరుక్కున్నాయి. బయటికి అంతా మెరుస్తూ బాగానే కనిపిస్తుంది.

నాలుగోది: నిలిచిన నీళ్ళ మీద నీళ్ళ ప్రైమర్. మందు పలచబడింది. మామూలుగా ఐదు సెకన్లు కొట్టే గాలి దీనికి చాలదు.

పుస్తకంలో ఇవి నాలుగు సందర్భాలు. నోట్లో మాత్రం నాలుగూ ఒకే గుంతలో ఉండొచ్చు. గాలి నేరుగా తగిలే అంచు సుద్దలా ఎండిపోతుంది, లోపలి మూలలో నీళ్ళు నిలిచే ఉంటాయి. గుంత అంతా మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఇక్కడే అనుభవం ఉన్న చేతులూ తడబడతాయి. చిన్న తడి బ్రష్‌తోనో స్పాంజి ముక్కతోనో ఆ మూలలో నీళ్ళను అద్దడం గాలి కొట్టడంకంటే మేలని చెప్పేవాళ్ళు అందుకే చెబుతారు.

మే నెలలో తిరుపతి, మూత తీసిన సీసా

పరిశోధనలు ఎక్కువగా ఏసీ గదిలో, 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగితే గది ఎంతసేపు చల్లగా ఉంటుంది? 20 డిగ్రీల దగ్గర 185 ఉన్న ఎసిటోన్ ఆవిరి పీడనం 40 డిగ్రీల దగ్గర 420 దాకా వెళ్తుంది. రెట్టింపు దాటింది.

ఊహకు ఒక సీసా తీసుకుందాం. 100 భాగాల మందులో ఎసిటోన్ 60, రెసిన్ 40. మూత పెట్టడం మరిచిపోయి, కొన్నిసార్లుగా 20 భాగాల ఎసిటోన్ ఎగిరిపోయింది. ఇప్పుడు 80 భాగాల్లో ఎసిటోన్ 40, రెసిన్ 40. రెసిన్ 40 శాతం నుంచి 50 శాతానికి చేరింది. రెసిన్ పెరిగితే మంచిదే కదా అనుకోకూడదు. మందు చిక్కబడింది, సన్నటి సందుల్లోకి దిగదు. నీళ్ళను తరిమే ఎసిటోన్ కూడా తగ్గింది. సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ మాత్రం ఇంకా రెండేళ్ళుంది.

అందుకని ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే వాడితే ఇంకో సమస్య. చల్లటి మందు చిక్కగా ఉంటుంది, సాల్వెంట్ నెమ్మదిగా ఆవిరవుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

ఇక్కడి నవంబరు వానల చెమ్మ సంగతి కూడా చెప్పాలి. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటే నీళ్ళు ఆవిరవడం మందగిస్తుంది. గాలిలో ఎసిటోన్ ఆవిరి ఉండదు కాబట్టి ఎసిటోన్‌కు ఆ అడ్డు లేదు. పేషెంటు ఊపిరి వల్ల నోట్లో ఎప్పుడూ వానాకాలమే. రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర పెట్టడానికి ఒక కారణం అదే.

లోపల మిగిలిపోయిన నీళ్ళు ఏం చేస్తాయి?

ఆ రోజుకు ఏమీ చేయవు. ఫిల్లింగ్ గట్టిగానే ఉంటుంది, పేషెంటు సంతోషంగా వెళ్తారు. కానీ నీళ్ళో సాల్వెంటో మిగిలిన చోట రెసిన్ గొలుసులు పూర్తిగా కట్టుకోవు. అక్కడ స్పాంజిలాంటి బలహీనపు చోట్లు ఏర్పడి, ఉమ్మి నెమ్మదిగా ఇంకుతుంది. రెసిన్ చుట్టుకోని పీచు ఒంటరిగా మిగులుతుంది. డెంటిన్‌లోనే నిద్రపోతున్న ఎంజైములు కొన్ని యాసిడ్ తగిలాక మేలుకుని ఆ పీచును నెలల తరబడి కొరుకుతాయి. వాటిని ఆపడానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు పూయడం చాలా అధ్యయనాల్లో పరీక్షించారు. ల్యాబ్‌లో పీచు ఎక్కువకాలం నిలిచింది, నోట్లో లాభం అంత స్పష్టంగా తేలలేదు.

డాక్టర్లలో ఉన్న వాదన

యాసిడ్‌తో కడగడమే ఈ తడి గొడవకంతా మూలం, కడగడమే మానేద్దాం అంటుంది ఒక వర్గం. దాన్ని సెల్ఫ్ ఎచ్ అంటారు. ప్రైమర్‌లోనే తేలికపాటి ఆమ్ల అణువులుంటాయి. అవి పైపొడిని కరిగిస్తూనే లోపలికి దిగుతాయి. ఎంత తడి ఉంచాలన్న ఊహాగానం ఉండదు, ఖనిజం పూర్తిగా పోదు కాబట్టి పీచూ కూలదు. జపాన్‌కు చెందిన కురారే కంపెనీ తయారుచేసిన 10-ఎండీపీ అనే అణువు మిగిలిన ఖనిజంలోని కాల్షియంతో నేరుగా బంధం కడుతుంది కూడా. కాకపోతే ఆమ్లం పనిచేయాలంటే నీళ్ళు ఉండాల్సిందే. అంటే నీళ్ళు పంటి మీద నుంచి సీసాలోకి వచ్చాయి. గాలి కొట్టి వాటిని తీసేయడం తప్పలేదు.

కడిగే పద్ధతినే నమ్మేవాళ్ళ మాటలోనూ బలముంది. ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ అంత పట్టు తేలికపాటి ఆమ్లాలు ఇవ్వవు. అందుకే ఎనామెల్ అంచుకు మాత్రం యాసిడ్, లోపల డెంటిన్‌కు సెల్ఫ్ ఎచ్ అనే రాజీమార్గం ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది సీసాల సంఖ్య. మొదట యాసిడ్, ప్రైమర్, బాండ్ అని మూడు మెట్లు. చివరి బాండ్‌లో సాల్వెంట్ దాదాపు ఉండదు, నీళ్ళను దూరంగా ఉంచే మందపాటి రెసిన్ పొర అది. సమయం కలిసొస్తుందని మూడూ కలిపి ఒక సీసా చేశారు. నీళ్ళంటే ఇష్టమున్నదీ నీళ్ళంటే పడనిదీ ఒకే సీసాలో విడిపోకుండా ఉండాలంటే సాల్వెంట్ ఎక్కువ పోయాలి. ఎక్కువ పోసిందంతా పంటి మీద మళ్ళీ ఆవిరి చేయాలి. హెమా అలర్జీ తెప్పిస్తుందని, నీళ్ళు పీలుస్తుందని దాన్ని తీసేసిన ఎసిటోన్-నీళ్ళ సీసాల్లో అయితే, ఎసిటోన్ ముందు ఎగిరిపోయి నీళ్ళు బొట్లుగా మిగులుతాయి. వాటికి గాలి గట్టిగా కొట్టమని చెప్పేది అందుకే. పంటి మొదట్లో పెట్టిన ఫిల్లింగులను ఏళ్ళ తరబడి గమనించిన క్లినికల్ అధ్యయనాలను కలిపి చూస్తే మూడు మెట్ల పాత పద్ధతి, రెండు సీసాల (ప్రైమర్ ఒకటి, బాండ్ ఒకటి) తేలికపాటి సెల్ఫ్ ఎచ్ బాగా నిలిచాయి. ఒక సీసా మందులు సగటున వెనకబడ్డాయి. అయితే వాటిలోనూ ఒకదానికీ ఒకదానికీ చాలా తేడా ఉంది. ఎండీపీ కలిపిన కొత్త యూనివర్సల్ మందులు, అంటే యాసిడ్‌తో కడిగినా కడగకపోయినా వాడగలిగేవి, పాతవాటికంటే నయం.

ల్యాబ్ అంకెలను చూసేటప్పుడు ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలి. అవి తీసేసిన పళ్ళ మీద, అడ్డంగా కోసిన చదునైన డెంటిన్ మీద, తరచుగా 24 గంటల్లోనే లాగి చూసినవి. అక్కడ లోపలి నుంచి ఊరే చెమ్మ లేదు, ఉమ్మి లేదు, మూల లేదు. మొదటిరోజు ఎసిటోన్‌కూ ఇథనాల్‌కూ దగ్గర దగ్గరగా కనిపించిన అంకెలు ఏడాది నీళ్ళలో నానాక విడిపోవచ్చు.

టీచరమ్మ పన్ను

ఆమె దవడ పంటి గుంతకు చుట్టూ ఎనామెల్ గోడ ఉంది. లోపల డెంటిన్‌తో పట్టు అంతంతమాత్రంగా ఉన్నా, నాలుగు వైపులా ఎనామెల్ పట్టుకుని నీళ్ళను లోపలికి రానివ్వలేదు. నమలడం కూడా దాన్ని లోపలికే నొక్కుతుంది.

ముందు పంటిది అలా కాదు. బ్రష్‌ను అడ్డంగా గట్టిగా రుద్ది రుద్ది, చిగురు పక్కన కొడవలి నోరులా పడిన గాడి అది. పై అంచున మాత్రమే ఎనామెల్ ఉంది. మిగతాదంతా డెంటిన్, కింది అంచు చిగురు చెమ్మకు ఆనుకునే ఉంది. ఏళ్ళుగా అరిగిన డెంటిన్ పసుపు పచ్చగా, గాజులా గట్టిపడి ఉంది. గొట్టాలు ఖనిజంతో మూసుకుపోయి యాసిడ్‌కే సరిగా లొంగవు. పట్టుకోవడానికి చెక్కిన ఆకారమూ లేదు. అక్కడ ఫిల్లింగ్‌ను నిలబెట్టేది వెంట్రుకలో పన్నెండో వంతు మందం ఉన్న ఆ పొర ఒక్కటే. నేను ఎనిమిది నెలల కింద పూసింది ఎసిటోన్ మందు. ఎక్కడో ఒక మూల ఎక్కువ ఆరిందో, చిగురు దగ్గర ఎక్కువ తడి ఉండిపోయిందో ఇప్పుడు చెప్పలేను. ఆమెకూ అదే చెప్పాను.

ఈసారి పైపైన గాజులాంటి పొరను కొద్దిగా గరుకు చేశాం. చిగురు పక్కన నూలు దారం పెట్టి చెమ్మను ఆపాం. ఎనామెల్ అంచుకు మాత్రం యాసిడ్, లోపల రెండు సీసాల సెల్ఫ్ ఎచ్. ప్రైమర్‌ను 20 సెకన్లు రుద్ది, మందు అలలు పోవడం ఆగి, కదలని నిగారింపు వచ్చేదాకా మెల్లగా గాలి పట్టాను. లైటు వేసే ముందు ఆమె చేత్తో సైగ చేసి ఆపారు. నోరు తెరిచే ఉంచి, "ఇంగా ఎంతసేపు మేడం?" అన్నారు. ఇంకో పది సెకన్లు, అన్నాను.